ఆరు మూటల రాతినత్త

జగిత్యాల
12 జూన్ 1985

నర్సింగమన్నకు,

నేను గుట్టకు సద్ది మోయడం లేదు. ఈ ఒక్క మాట ముందు అవ్వకు చదివి వినిపించు. మిగతాది తర్వాత నువ్వు తీరిగ్గా చదువుకో.

శంకరవ్వ అత్త కోరుట్ల బస్టాండులో నన్ను చూసిందట. చేతిలో సంచి, కాళ్ళకు బురద. ఆమె చూసింది అంతే. ఆ కబురు సిరిసిల్లకు చేరేసరికి నా సంచిలో పదిమందికి అన్నం ఉంది, గుట్ట మీద తుపాకి పట్టుకుని నాకోసం ఒకడు ఎదురుచూస్తున్నాడు. "సదువు సాలు, సామాను సదురుకొని రమ్మను" అని అవ్వ మనిషితో చెప్పి పంపింది. ఇరవై మూడేళ్ళు పెంచిన మనిషి, ఆ సంచిలో ఏముందే అని ఒక్క మాట అడగలేదు. నువ్వూ అడగలేదు. అవ్వ మీద కంటే నీ మీదే నాకు కోపం.

సంచిలో ఉన్నవి నత్తలు. నవ్వకు.

పోయిన ఎండాకాలం మా ఇంటి ఓనరు హఫీజా బేగం గోడలకు సున్నం వేయించింది. ఆ సున్నం తెచ్చింది కోరుట్ల పోశవ్వ. నత్తగుల్లలు కాల్చి సున్నం చేయడం ఆమె పని. ఆమె బుట్ట అడుగున కాల్చని గుల్ల ఒకటి మిగిలిపోయింది. పైన పట్టిన తెల్లటి సున్నపు పొర గీకితే నల్లగా, రేగిపండంత ఉంది. నోటి అంచున సన్నగా నారింజరంగు గీత. ఎమ్మెస్సీ రెండేళ్ళలో నేను చూసిన ఏ నత్తకూ ఆ గీత లేదు. యూనివర్సిటీకి పట్టుకెళ్తే మా ప్రొఫెసరు గారు అరచేతిలో పెట్టుకుని పాత పుస్తకాల బీరువా తెరిచారు. తొంభై ఏళ్ళ కింద ఎవరో తెల్లదొర దీని గుల్ల ఒక్కటి చూసి రెండు వాక్యాలు రాసి పోయాడట. ఆ తర్వాత చూశామన్న మనిషి లేడు.

పోశవ్వ వాళ్ళు దీన్ని రాతినత్త అంటారు. కోరుట్ల అవతల గుట్ట కింద ఒక బుగ్గ ఉంది, ఏడాది పొడుగునా నీళ్ళు ఊరుతాయి. ఆ నీళ్ళలో రాళ్ళను కరచుకుని బతుకుతుంది. ఇది గుడ్లు పెట్టదన్నా. పిల్లల్ని కడుపులో మోసి కంటుంది.

దేశంలో ఏ జీవి ఎంత మిగిలిందో కలకత్తాలో ఒక సర్వే ఆఫీసు జాబితా రాస్తోంది. నాకు ఫారం వచ్చింది. చివరి గడిలో ఒక్క మాట రాయాలి: విరివిగా ఉన్నదా, తగ్గుతున్నదా, అరుదా, అంతరించే ప్రమాదంలో ఉన్నదా. ఆ మాటను బట్టే దాన్ని కాపాడాలా, వదిలేయాలా అన్నది. కనీసం ఆరు చోట్ల వెతికితే గానీ ఆ మాట రాయకూడదు. సెప్టెంబరులోపు రిపోర్టు ఇస్తే నాకు పరిశోధన సీటు. ఇవ్వకపోతే ఇంటికి వచ్చి వదిన పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టాలి.

ఇప్పుడు చెప్పు, ఇందులో తుపాకి ఎక్కడుంది?

సుభద్ర


సిరిసిల్ల
24 జూన్ 1985

చెల్లె సుభద్రకు,

నీ కోపపు ఉత్తరం అందింది. మొదటి మాట అవ్వకు సదివి ఇనిపిచ్చిన. నత్తల ముచ్చట గూడ చెప్పిన. "నత్తలు ఏరుటానికి పదహారేండ్లు సదవాల్నా? సదువుకోకముందే మంచిగ ఏరేది గదా" అన్నది. మీ వదిన సత్యవ్వ అయితే "కూర ఒండుకునే రకమేనా అడుగుండ్రి" అంటున్నది. నువ్వు వచ్చినప్పుడు నీ మొకం మీదనే అడుగుతదట.

నవ్వులాట సంగతి పక్కన పెట్టు. నువ్వు గుట్టల పొంటి తిరుగుడు బందు జెయ్యాలె. ఎందుకని అడగకు. రోజులు మంచిగ లేవు, నీకు చెప్పేటంత సదువు నాకు లేదు. బాపు పోయినంక నీకు ఏది వద్దన్నా నేను? ఇది ఒక్కటి వద్దంటున్న.

కరెంటు సక్కగ లేక బట్ట నేసే సాంచాలు వారంల నాలుగు రోజులు బందే ఉంటున్నయి. నేను ఊకెనే కూసుంటున్న. నీకు ఆరు జాగల నత్తలు గావాలె, అంతే గదా? నేను తెస్త. ఏ జాగలో రాసి పంపు. నువ్వు మాత్రం రూములనే ఉంటనని నా మీద ఒట్టు పెట్టు.

అన్న
నర్సింగం


జగిత్యాల
2 జూలై 1985

అన్నా,

ఒట్టు పెట్టాను. ఇష్టంతో పెట్టలేదు, అది తెలిసి ఉండాలి నీకు. చదివిన పిల్లను గదిలో కూర్చోబెట్టి, సాంచాలు నడిపే మనిషి నీళ్ళలో దిగుతాడట. అయినా ఇన్నేళ్ళలో నా పని నీ చేతికి ఇవ్వడం ఇదే మొదటిసారి. అది బాగానే ఉంది.

సిరిసిల్ల బస్సు నడిపే మక్బూల్ భాయితో ఆరు గుడ్డ సంచులు పంపుతున్నాను. ఒక్కోదానిలో చోటు పేరు రాసిన చీటీ ఉంది. కోరుట్ల బుగ్గ, బుగ్గారం, బోయినపల్లి, ఎల్లంతకుంట, మెట్‌పల్లి వాగు, వేములవాడ వాగు. చీటీలు కలిసిపోకుండా చూసుకో.

చోటుకు ఇరవై చాలు. తడిగుడ్డలో చుట్టి, బతికున్నవే తేవాలి. నేను చూసి, కొలిచి, మళ్ళీ ఎక్కడివి అక్కడ నీళ్ళలో వదిలిపిస్తాను. నోటి అంచున ఆ గీత ఉండాలి, మరిచిపోకు. పొలాల్లో ఉండే మామూలు నత్త నాకు అక్కర్లేదు. కోరుట్లలో పోశవ్వను అడుగు. వాటి గురించి ఆమెకు తెలిసినంత మా ప్రొఫెసరుకు తెలియదు.

హఫీజా బేగం నిన్న నా సీసాలోకి తొంగిచూసి, "క్యా బేటీ, గీ పురుగులకు గూడ ఇస్కూల్ పెట్టినవా?" అంది. పెట్టానని చెప్పాను. హాజరు పట్టీ మా అన్న దగ్గర ఉందన్నాను.

సుభద్ర


సిరిసిల్ల
19 ఆగస్టు 1985

చెల్లే,

మక్బూల్ భాయికి ఇచ్చిన మూటలు అందినయా? ఆరు జాగలయి ఆరు మూటలు. ఏ చీటీ దాంట్లనే ఉన్నది. నువ్వు ఇరవై అన్నవు, నేను ఒక్కొక్కదాంట్ల రెండు వందలకు తక్కువ పెట్టలేదు. నీ అన్న పని పట్టిండంటే గట్లుంటది.

బతికున్నయి తెమ్మన్నవు. అది మాత్రం కాలేదు. బస్సులల్ల చెకింగు ఎట్లున్నదో నీకు ఎరుకలేదు. తడి మూట, అండ్ల ఏదో కదులుతున్నదంటే అందరిని దించి నిలవెడుతరు. నత్తలు, చెల్లె సదువు అంటే నమ్ముతరా? అందుకని పోశవ్వ, వాళ్ళు ఎప్పుడు జేసినట్టే, ఉడకబెట్టి, పుల్లతోని కండ తీసి, కడిగి ఎండబెట్టింది. సున్నం గుల్ల అంటే ఎవ్వడు అడగడు.

ఇగ నీ పని అయినట్టే. దసరాకు ఇంటికి రా. సత్యవ్వ నీకోసం చీర పక్కకు తీసిపెట్టింది. రంగు నీకు నచ్చది, అయినా మంచిగున్నదని చెప్పు.

నర్సింగం


జగిత్యాల
8 సెప్టెంబర్ 1985

అన్నా,

మూటలు విప్పి నేల మీద పోస్తే నాకు కాలు పెట్టడానికి చోటు మిగల్లేదు. హఫీజా బేగం గుమ్మంలో నిలబడిపోయింది. "అరె, నా ఇంట్ల బట్టీ పెడుతున్నవా ఏంది?" అంటూనే కూర్చుని నాతోపాటు ఏరింది. ఒక్కోటి ఎత్తి, గీత చూసి, "యే భీ వొహీచ్", ఇదీ అదే, అని పక్కన పెట్టేది. సాయంత్రం దాకా అదే మాట.

ఉడకబెట్టినందుకు మొదట నిన్ను తిట్టుకున్నాను. తర్వాత చెకింగు సంగతి నిజమే కదా అనిపించింది. కానీ ఒకటి చెప్పాలి. ఒక గుల్ల దారిలో పగిలింది. లోపల, పోశవ్వ పుల్ల అందని మడతలో, ఆవగింజలంత గుల్లలు ఉన్నాయి. పదకొండు. భూతద్దం కింద పెడితే ఒక్కోటి పూర్తిగా తయారైన నత్త, నోటి అంచున గీతతో సహా. నాలుగు రోజులు ఆగితే నీళ్ళలోకి వచ్చేవి. వాటిని అగ్గిపెట్టెలో పెట్టాను. మళ్ళీ ఆ పెట్టె తెరవబుద్ధి కాలేదు.

అయినా ఆరు చోట్ల, చోటుకు రెండు వందలు! గడిలో "విరివిగా ఉన్నది" అని రాశాను. "మరి తొంభై ఏళ్ళు ఎవరికీ కనబడలేదేమమ్మా?" అన్నారు ప్రొఫెసరు గారు. "ఎవరూ పోశవ్వను అడగలేదు సార్" అన్నాను. నవ్వి సంతకం పెట్టారు. ఫారం కలకత్తా వెళ్ళిపోయింది. సీటు నాదే. జనవరిలో చేరాలి.

చిన్న సంగతి ఒకటి. ఆరు మూటల గుల్లల మీదా ఒకే తెల్లటి పొర ఉంది. బుగ్గ నీళ్ళలో ఉన్నవాటికి అలా సున్నం పట్టడం నాకు తెలుసు. కుంటల్లో, వాగుల్లో ఉన్నవాటికి కూడా పడుతుందని తెలియదు. ఎప్పుడైనా చూడాలి.

అవ్వకు చెప్పు, నత్తలు ఏరి కూడా పైకి రావచ్చని.

సుభద్ర


సిరిసిల్ల
21 సెప్టెంబర్ 1985

చెల్లే,

సీటు వచ్చిందని అవ్వ వాడకట్టంత బెల్లం పంచింది. అడగనోళ్ళకు గూడ ఆపి చెప్పుతున్నది. నాకు గూడ సంబురమే.

కలకత్తాకు పోయిన కాగితం మళ్ళ రాదా? ఊకెనే అడుగుతున్న. అండ్ల ఒక మాట మారిస్తే సీటుకు ఏమన్న అయితదా? ఇది గూడ ఊకెనే.

దసరాకు రమ్మన్న గని ఇప్పుడు రాకు. రోడ్లు మంచిగ లేవు.

నర్సింగం


కోరుట్ల
3 నవంబర్ 1985

అన్నా,

నీ రెండు "ఊకెనే"లు నన్ను నిలవనీయలేదు. ఒట్టు తప్పాను. నిన్న పొద్దున పోశవ్వను వెంటబెట్టుకుని బుగ్గ దగ్గరికి పోయాను.

నీళ్ళు అలాగే ఉన్నాయి. రాళ్ళ మీద మాత్రం పచ్చగా పాచి పట్టింది. వేసవిలో ఆ రాళ్ళు నున్నగా, నల్లగా ఉండేవి. ఆ పాచి నత్తల తిండి. తినేవి లేకపోతేనే అలా పెరుగుతుంది. అది చూడగానే సగం తెలిసిపోయింది. అయినా మోకాళ్ళు తిమ్మిరెక్కేదాకా ఒక్కో రాయి తిప్పి చూశాను. ఒక్కటి లేదు.

"ఏవి పోశవ్వా?" అన్నాను.

"ఏవేంది బిడ్డా? అన్ని నీకే ఇస్తిమి గదా."

"బుగ్గవి ఒక్క మూటే కదా ఇచ్చింది?"

"ఒక్క మూటెట్లయితది? ఆరు గీ బుగ్గయే. మీ అన్న గా బండ మీద కూసోని తట్టతోని పంచిండు. చీటీలు గూడ ఆయననే పెట్టిండు."

ఆమె తనంతట తానే చెప్పుకుపోయింది. బుగ్గలో ఒక కొస ఉందట, అడ్డంగా రాయి ఉన్న చోటు. దాని అవతల తల్లులు ఉంటాయని వాళ్ళు చేయి పెట్టరు. "మా అత్త ముట్టలేదు, నేను ముట్టలేదు. ఆషాఢంల అసలే నీళ్ళల్ల దిగం, కడుపుతోని ఉంటయని. మీ అన్నకు చెప్పిన బిడ్డా. మా చెల్లె రాసింది, అన్ని గావాలంట, అన్నడు. సదువుకున్న పిల్లవు. ఎందుకు అడిగినవో నీకెరుక అనుకున్న."

నేను ఇరవై అడిగాను, బతికున్నవి అడిగాను అని ఆమెతో అనలేకపోయాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు సున్నం ఎలా చేస్తున్నావని అడిగితే, "కుంట నత్తలతోని చేస్తున్న. గా సున్నం గోడకు నిలవది" అంది.

వాళ్ళ అత్త కాలం నుంచి ముట్టని చోట నా పేరు చెప్పి చేయి పెట్టించావు. ఎందుకు? ఈసారి ఎందుకని అడగకు అనకు.

సుభద్ర


సిరిసిల్ల
11 నవంబర్ 1985

చెల్లే,

మూడు కాగితాలు చింపినంక ఇది రాస్తున్న.

ముందుగాల బోయినపల్లికి పోయిన. నీ గీత ఉన్న నత్త ఒక్కటి దొరకలేదు. ఎల్లంతకుంటల నడుము లోతు దిగిన, లేవు. రెండు వాగులు తిరిగిన, లేవు. బుగ్గారంల ఐలయ్య అని ఒక ముసలి గొర్లకాపరి, "గా రకం ఈ నీళ్ళల్ల నేను పుట్టినంక సూడలే" అన్నడు. ఐదు దిక్కుల ఉత్తయే. నువ్వు పేరు రాసి ఇచ్చిన సంచులు నీకు ఖాళీగ ఎట్ల పంపాలె? మా పనిల బట్ట దించకుండ, నూలు చుట్టే భీము ఉత్తగ తిప్పి పంపితే పని చేతగానోడని లెక్క. ఒక్క బేలు నూలు సాంచాలున్న ఆరుగురు ఆసాములకు పంచితే ఆరు సాంచాల మీద అదే బట్ట దిగుతది. నత్త యాడిదైతే ఏంది, నత్తనే గదా అనుకున్న. ఎన్ని ఎక్కువ ఉంటే నీకు అంత మంచి మార్కులు పడుతయనుకున్న. పోశవ్వ వద్దన్నది. నిజమే. నేను ఇనలేదు.

ఇంకొకటి. శంకరవ్వ అత్త నిన్ను సూడనే లేదు. ఆమెను ఏమనకు. మే నెలల ఇద్దరు మనుషులు మా సాంచాల కాడికి వచ్చిండ్రు. యూనిఫారం లేదు. నీ పేరు చెప్పిండ్రు, నీ రూము చెప్పిండ్రు, ఏ రోజు ఏ బస్సు ఎక్కినవో చెప్పిండ్రు. "మీ చెల్లె గుట్టకు ఏం మోస్తున్నది?" అని అడిగిండ్రు. ఇటు పోలీసోల్లో అటు గుట్ట మీదోల్లో నాకు ఇప్పటికి తెల్వది. అవ్వకు చెప్తే భయంతోనే పోతదని అత్త పేరు పెట్టిన. నీ పని జల్ది అయిపోవాలె, నువ్వు గా దిక్కు మళ్ళ పోవద్దు. నాకు గదొక్కటే ఉండె మనసుల.

తప్పు నాదే. నా మీదనే రాసుకో. గని సీటు ఇడిసిపెట్టకు చెల్లే. కలకత్తోళ్ళు వచ్చి బుగ్గల చేయి పెట్టి సూస్తరా? ఎవ్వరికి ఎరుకయితది? నత్తల కోసం నీ బతుకు ఆగం జేసుకోకు. అవ్వ పంచిన బెల్లం ఇంక అందరి నోట్లెనే ఉన్నది.

నర్సింగం


జగిత్యాల
20 నవంబర్ 1985

నర్సింగమన్నకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ ఇద్దరి గురించి చదవగానే లేచి తలుపు గొళ్ళెం పెట్టాను. ఆరు నెలలు ఆ భయం ఒక్కడివే మోశావు. అత్తను ఐదు నెలలు నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, ఆమెకు తెలియకపోయినా.

ఐదు చోట్ల లేవన్నావు. అన్నా, నాకు కావలసింది ఆ మాటే. నువ్వు ఐదు ఖాళీ సంచులు పంపి ఉంటే, ఈ దేశంలో మాకు తెలిసినంతలో ఈ నత్తకు ఆ బుగ్గ ఒక్కటే ఇల్లు అని రాసేదాన్ని. దానికోసమే సంచులు పంపాను. దొరకకపోతే దొరకలేదని రాయి, అదీ లెక్కే అని నీకు చెప్పలేదు. నాకు అది ఎంత మామూలు సంగతి అంటే, చెప్పాలని తోచనే లేదు. ఖాళీ చేతులతో తిరిగి రాకూడదని బతికే ఇంట్లో పుట్టి, అది మరిచిపోయాను.

నీ మీద రాసుకోమన్నావు. అంతా రాసుకోలేను. ఆరు మూటల మీదా ఆ తెల్లపొర చూశాను. చూసి, ఎప్పుడైనా చూడాలి అని నీకు ఉత్తరంలో రాశాను. ఎప్పుడైనా ఏమిటి? పక్క రోజు కోరుట్ల బస్సు ఎక్కితే అయిపోయేది. ఎక్కలేదు. ఒట్టు పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను. అది ఒట్టు కాదు. సీటు వచ్చాక ఆ పొర సంగతి నాకు తెలుసుకోవాలని లేదు.

విరివిగా ఉన్నది అని రాసిన జీవిని ఎవరూ కాపాడరు. రేపు ఎవరైనా ఆ బుగ్గను పూడ్చి బండలు కొట్టుకుంటే, ఫరవాలేదు, ఇంకో ఐదు చోట్ల ఉన్నాయి అని నా కాగితమే చూపిస్తారు.

మొన్న ప్రొఫెసరు గారి దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది పంపితే సీటు ఉండదమ్మా. ఏడాది ఆగి, మెల్లగా సవరణ అని పంపుదాం. అప్పటికి నువ్వు కుదురుకుంటావు" అన్నారు. మంచితనంతోనే అన్నారు. నువ్వు అన్న మాటే, కాస్త చదువుకున్న భాషలో.

"ఏడాదిలో బుగ్గకు ఏమైనా అయితే సార్?" అన్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నా కాగితం మళ్ళీ మొదటినుంచి చదివారు.

నిన్న కలకత్తాకు రిజిస్టరు పోస్టులో పంపాను. నా రిపోర్టు తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను అని రాశాను. నీ పేరు ఎక్కడా లేదు. ఏరింది నేను కాదు, చూడకుండా సంతకం పెట్టింది మాత్రం నేను అని ఉంది. చివరి గడిలో "అంతరించే ప్రమాదంలో ఉన్నది" అని రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాను: ఒకే ఒక్క బుగ్గ, నవంబరులో వెతికితే ఒక్కటీ కనబడలేదు, కారణం మా సేకరణే. మా అని ఎందుకు రాశానో అడగకు.

పెద్ద బండ కింద చేయి పట్టని సందు ఒకటి ఉందట. అక్కడివి తీయలేదని పోశవ్వ అంటోంది. ఉన్నాయని అనడం లేదు. తీయలేదని మాత్రమే అంటోంది. ఆ తేడా ఆమెకు బాగా తెలుసు.

సీటు వదులుకున్నాను. అవ్వకు నువ్వు చెప్పు, ఈసారి ఎవరి పేరూ అడ్డం పెట్టకుండా చెప్పు. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పడానికి ఒప్పుకున్నాను. సోమవారం చేరుతున్నాను. పోశవ్వ ఇంటి పక్కన గది తీసుకున్నాను. ప్రతి ఆదివారం పట్టపగలు, అందరూ చూస్తుండగా బుగ్గకు పోతాను. ఆ ఇద్దరు మళ్ళీ వస్తే నా కొత్త అడ్రసు ఇవ్వు. సిరిసిల్లకు రాను.

సుభద్ర